సొంత కోరిక మీద

లూన్ పాయింట్, విస్కాన్సిన్
1996 ఏప్రిల్ 9

కర్నల్ బావగారికి,

నువ్వు పంపిన పొట్లం అందింది. నీ కొట్టు కాగితంలో చుట్టి ఉంటే తలుపు బందులేమో అనుకున్నాను. తీరా విప్పితే నువ్వు రాసిన మన బ్రిగేడు చరిత్ర, చిత్తుప్రతి. బందులైతే పనికొచ్చేవి.

ముప్పై ఏళ్లు కౌంటీ లైబ్రరీ నడిపినవాణ్ని. ఏ పుస్తకం ఎందుకు చదవక్కర్లేదో అట్ట చూసి చెప్పగలను. నీ మొదటి వాక్యంలోనే "వీరగాథ" అన్నావు. ఎవరి వీరగాథ బావా? యాభై ఏళ్లలో మన బ్రిగేడు ఏ శత్రువు మీదా ఒక్క తూటా పేల్చలేదు. అసలు మన పని అది కాదు. ఆ పనేమిటో నీ చరిత్రలో ఎక్కడా లేదు కాబట్టి నేనే రాస్తున్నాను, కావలిస్తే ఎత్తుకో.

పోస్టుమన్లు, రొట్టెల కొట్టువాళ్లు, లెక్కల మాస్టార్లు, నీలాంటి మేకుల వర్తకులు, నాలాంటి పుస్తకాల కాపలావాళ్లు నెలకో శని ఆదివారాలు యూనిఫాం తొడుక్కునేవాళ్లం. వేసవిలో రెండు వారాలు బస్సెక్కి దక్షిణాది శిబిరానికి పోయేవాళ్లం. అక్కడ అసలు సైన్యం వాళ్లు పెంచుతున్న కొత్త రిక్రూట్లని కాసేపు ఎత్తుకుని, మళ్లీ వాళ్ల చేతికిచ్చి వచ్చేవాళ్లం. తల్లి స్నానానికి వెళ్తే పిల్లాణ్ని చూసే పక్కింటి పిన్నిగారి ఉద్యోగం. నిజంగా పెద్ద యుద్ధమొచ్చి అసలువాళ్లంతా ఓడలెక్కితే, ఆ శిబిరాలన్నీ మనమే నడపాలి. ఆ రోజు కోసం యాభై ఏళ్లు రిహార్సలు వేశాం. రిక్రూట్లు వచ్చిన మొదటి రోజు మనం చూడలేదు, వాళ్ల చివరి కవాతూ చూడలేదు. మధ్యలో రెండు వారాలు అరిచి వచ్చేశాం. ఇది గొప్ప పనే. వీరగాథ మాత్రం కాదు.

సరే, మిగతా తప్పులు అంచుల్లో దిద్ది పంపుతున్నాను, ఇదంతా క్షమిస్తాను. నలభై ఒకటో పేజీ క్షమించను.

"1968 ఆగస్టులో సార్జెంటు ఆర్విడ్ టోలెఫ్సన్ తన సొంత కోరిక మీద డ్రిల్ బాధ్యతల నుంచి వంటశాల విభాగానికి మారారు."

సొంత కోరిక! నీకు మతిమరుపు వచ్చి ఉంటే గుర్తు చేస్తాను. రెండో వారం గురువారం, తుపాకీ పరీక్ష. రెండు వందల మందిలో పదకొండు మంది తప్పారు. ఆ రిక్రూట్ల కంపెనీ సార్జెంటు, అసలు సైన్యం మనిషి, నా దగ్గరికొచ్చి చెవి మీది పెన్సిల్ తీసి, "వీళ్ల మార్కుల కార్డుల్లో తలా ఐదారు గుళ్లు తగిలినట్టు పొడిచెయ్, ఇక్కడ అందరం అదే చేస్తాం" అన్నాడు. నేను ఇటలీలో ఇరవయ్యో ఏట పోరాడి వచ్చినవాణ్ని. గురి లేనివాడి పక్కన నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొడవనన్నాను. మా కెప్టెన్ని పిలుస్తానన్నాడు. కెప్టెన్ అంటే ఎవరు? నా చెల్లెలి మొగుడు! నువ్వొచ్చి, "బావగారూ, పోనీ పొడిచేద్దురూ, భోజనాల వేళయింది" అన్నావు. రెండు వందల మంది ముందు కాదన్నాను. పదకొండు మందినీ వెనక వచ్చే కంపెనీలో వేసి మూడు వారాలు మళ్లీ మొదట్నుంచి తుపాకీ నేర్పించారు. నేను బ్రిగేడు కమాండరుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. దాని ఫలితం, సెప్టెంబరు డ్రిల్లులో నువ్వొచ్చి "టోపీ ఇవ్వండి" అని చెయ్యి చాపావు.

డ్రిల్ సార్జెంటుకి ఆ గుండ్రటి అంచు టోపీ తప్ప ఇంకేముంది బావా? అది ఇచ్చేసి పదహారేళ్లు టోస్టు ముక్కల మీద గొడ్డుమాంసం గుజ్జు పోశాను.

ఆ పదకొండు కార్డులకీ నకళ్లు రాసి దాచాను. బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా మూత తీయలేదు, కంఠతా వచ్చు కాబట్టి.

వాక్యం ఇలా మార్చు: "రిక్రూట్లకి దొంగ గుళ్లు పొడవనన్నందుకు కెప్టెన్ వెర్నన్ బ్రూగ్‌మన్ ఆయన టోపీ లాక్కున్నాడు." మార్చకపోతే సెప్టెంబరులో బ్రిగేడు జెండా మడిచే రోజు నేను రాను. నా కథ పత్రికకి పంపుతాను.

మార్లిస్‌కి ఆశీస్సులు. సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు, నాలాగే.

ఆర్విడ్

•

ఫెన్విక్, విస్కాన్సిన్
ఏప్రిల్ 21

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కౌంటరు మీద పెట్టుకుని చదువుతూ నవ్వుతుంటే, మేకులు కొనడానికొచ్చిన ఫాదర్‌గారు "ఏం, ఇన్‌కంటాక్స్ వాళ్లు తిరిగి ఇస్తామన్నారా?" అని అడిగారు. పక్కింటి పిన్నిగారి పోలిక చూపించాను. ఆయన వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడుకుంటారట. నేనూ ఎత్తుకుంటున్నాను, మొదటి పేజీలోనే. "వీరగాథ" కొట్టేశాను. మీ దిద్దుబాట్లు అరవై నాలుగు లెక్క తేలాయి. అరవై మూడు చేశాను.

మిగిలిన ఆ ఒక్కటీ వదిలేయండి. మన బ్రిగేడుకి ఇది చివరి సంవత్సరం. యుద్ధ భయం పోయింది, పిన్నిగారితో పని లేదన్నారు పైవాళ్లు. సెప్టెంబరు 14న జెండా మడిచి గుడ్డ సంచిలో పెడతారు. ఆ రోజు అందరి చేతుల్లో ఒక పుస్తకం ఉండాలని నా తాపత్రయం. ఒక పుస్తకం కోసం కుటుంబంలో గొడవెందుకు చెప్పండి.

1991 గురించి ఒక్క పేజీ రాసివ్వండి. నేను రాస్తే అధికారిక ప్రకటనలా వస్తోంది. ఆ రోజు మీరూ నా కొట్టు ముందే ఉన్నారు కదా.

వెర్నన్

తా.క. అన్నయ్యా, నేను మార్లిస్‌ని. ఈయన నవ్వాడన్నది నిజమే, ఆ తరవాత బి.పి. మాత్ర రెండుసార్లు వేసుకున్నాడు. నాలుగు రోజులుగా కొట్లో పై అరల కేసి చూస్తూ నిలబడుతున్నాడు. అడిగితే కొక్కేలు లెక్కపెడుతున్నానంటాడు. మీ ఇద్దరిలో ఒకరైనా పెద్దవాళ్లయితే బాగుండును.

•

లూన్ పాయింట్
మే 6

బావా,

1991 పేజీ ఇదిగో.

జనవరిలో గల్ఫులో యుద్ధం మొదలైంది. బ్రిగేడు పుట్టాక మొట్టమొదటిసారి నిజమైన పిలుపొచ్చింది. ఫెన్విక్ ఊరు ఊరంతా వీధిలోకొచ్చింది. హైస్కూలు బ్యాండు వాళ్ల వేళ్లు చలికి బూరాలకంటుకుపోయాయి. మేయరు మాట్లాడాడు, నువ్వు మాట్లాడావు, "వెళ్లి విజయంతో రండి" అన్నావు. పోస్టాఫీసు క్లర్కు గారి భార్య స్పృహ తప్పింది. నాలుగు బస్సులు కదిలాయి. పక్క రాష్ట్రందాకా వెళ్లి ఆగాయి.

అక్కడ వాళ్ల పని, సైన్యం వదిలి ఐదారేళ్లయి మళ్లీ పిలిపించబడిన లారీ డ్రైవర్లకీ మంగలివాళ్లకీ తుపాకీ తుడవడం గుర్తు చేయడం. వాళ్లకి బొజ్జలు వచ్చి బెల్టులు పట్టలేదట. వాళ్లు సగం నేర్చుకునేలోపే యుద్ధం అయిపోయింది. బస్సులు తిరిగొచ్చాయి. మేయరు మళ్లీ మాట్లాడాడు. స్పృహ తప్పినావిడ మొగుణ్ని చూసి, "అప్పుడే వచ్చేశావా, నేనింకా గది రంగు వేయించలేదు" అంది.

నవ్వుకోడానికి రాశాననుకోకు. ఆ బొజ్జల మంగలివాడు నిజంగా ఎడారికి వెళ్లాల్సి వస్తే, వాడి చేతిలో తుపాకీ పేలేలా చేసింది మన పోస్టాఫీసు క్లర్కే. మన పనంతా అదే: వెళ్లేవాడు మనం కాదు, వాడికి చెయ్యి తిప్పడం నేర్పేవాళ్లం. అందుకే ఆ నేర్పడంలో అబద్ధం ఉండకూడదు. పెన్సిల్ ఉండకూడదు. ఇప్పుడర్థమైందా నలభై ఒకటో పేజీ ఎందుకు వదలనో?

నీకు సెల్యూట్ కొట్టడం నాకెప్పుడూ కష్టం కాలేదు. శని ఆదివారాలు నువ్వు కెప్టెనువి, థాంక్స్‌గివింగ్ పండగ నాడు టర్కీ కోడిని కోసేది ఇంటి పెద్దగా నేను. రెండూ పద్ధతే. ఆ ఏడు కూడా వచ్చి కోశాను, గుర్తుందా? నువ్వు నా మొహం చూడలేదు. రెక్క ముక్క వేస్తే "చాలు బావగారూ" అన్నావు. టోపీ తీసుకున్న మనిషి తలెత్తలేకపోయాడు. దాన్నే తప్పు తెలిసి ఉండడం అంటారు.

జూలై ఒకటో తారీఖు గడువు. పత్రికకి ఉత్తరం రాసేశాను, కవరు మీద స్టాంపు కూడా అంటించాను.

ఆర్విడ్

•

ఫెన్విక్
మే 30

బావగారికి,

1991 పేజీ అక్షరం మార్చకుండా వేస్తున్నాను. గది రంగు మాట ఆవిడకి చూపించాను. రంగు నీలమట, అదీ రాయమంది.

ఇక ఆ వాక్యం. మొత్తం తీసేస్తాను. 1968లో మీ ప్రస్తావనే ఉండదు. ఎవరికీ నొప్పి లేదు. ఒప్పుకోండి.

వెర్నన్

•

లూన్ పాయింట్
జూన్ 4

బావా,

పదహారేళ్లు వంటింట్లో దాచావు. ఇప్పుడు పుస్తకంలోంచి కూడా తీసేస్తానంటున్నావు. చక్కటి పురోగతి.

ఒప్పుకోను. జూలై ఒకటి.

ఆర్విడ్

•

ఫెన్విక్
జూన్ 17

బావగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మార్లిస్ కాగితాలన్నీ పొయ్యిలో వేసి, "నిజం రాయి, లేకపోతే ఫోన్ చేసి నేనే చెప్తాను" అంది. ఆవిడకి ఈ నెల్లోనే చెప్పాను. వారం రోజులు నాకు గుడ్డు వేయించి పెట్టలేదు.

1968, ఆ గురువారం మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం. నేను గురి మైదానాన్ని తిరిగి అప్పగిస్తున్నాను. అది చూసుకునే ముసలి సార్జెంటు తాళాలు తీసుకుంటూ అన్నాడు: "తొమ్మిదో నంబరు గుంట వాళ్లకి గుళ్లు పొడిచారు కదా?"

ఎందుకన్నాను.

"దాని ముందు నూట యాభై మీటర్ల బొమ్మ తూటా తగిలినా పడదు. స్ప్రింగు పోయింది. మేలోనే మరమ్మతుకి రాశాం, ఎవడూ రాలేదు. అందుకే ఆ గుంటలో నిలబడ్డవాళ్లకి ఆ బొమ్మ గుళ్లు మేం చేత్తోనే వేస్తాం. అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలుసు బావగారూ. మనకి తెలీదు. మనం అందరిలో లేం. రెండు వారాలకి వచ్చినవాళ్లం. ఆ కంపెనీ సార్జెంటు మీకు పెన్సిల్ ఇచ్చినప్పుడు కారణం చెప్పలేదు, మనం కూడా అక్కడివాళ్లమే అనుకున్నాడు. మీరు దొంగతనమనుకున్నారు. నేను భోజనాల వేళ అనుకున్నాను. ఆ రోజు పదకొండు విడతలు కాల్చారు. విడతకి ఒకడు తొమ్మిదో గుంటలో నిలబడ్డాడు. పదకొండు మంది. వాళ్లకి గురి లేక కాదు.

అప్పుడు నేను చెయ్యాల్సింది సులువే. కంపెనీ ఆఫీసుకి నాలుగు వందల గజాలు నడిచి, పొరపాటు మాది, ఆ పిల్లల్ని ఆపకండి అని చెప్పాలి. నడవలేదు. ఏటా వాళ్లు మనల్ని ఆదివారం సైనికులని ఎగతాళి చేసేవాళ్లు. మైదానం ముందు పరీక్షించుకోవడం కూడా తెలియదా అంటారని సిగ్గేసింది. మర్నాడు ఉదయం ఆరింటికి బస్సు. ఎక్కేశాను. మీరు ముందు సీట్లో కూర్చుని ఒళ్లో అట్ట పెట్టుకుని నాలుగు పేజీల ఉత్తరం రాస్తున్నారు. మీ భుజం మీంచి మొదటి వాక్యం చదివాను. "న్యాయం" అని ఉంది.

ఆ ఉత్తరం మీద విచారణ జరిగితే తొమ్మిదో గుంట బయటికొస్తుంది. అందుకే కమాండరుతో మీరే మార్పు కోరుకున్నారని చెప్పాను, టోపీ తీసుకున్నాను. మిమ్మల్ని కాపాడుతున్నానని చాలా ఏళ్లు అనుకున్నాను. అది సగమే. మీకు చెప్పి ఉంటే మీరు వెళ్లి అందరి ముందూ ఒప్పుకునేవారు. మీరు ఒప్పుకుంటే నేనూ ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఇందుతో ఒక ఉత్తరం నకలు పెడుతున్నాను. చరిత్ర కోసం జ్ఞాపకాలు పంపమని పత్రికల్లో ప్రకటన వేశాను కదా, దానికొచ్చింది. డ్వేన్ హ్రూస్కా అని, అయోవాలో పాలకేంద్రం నడుపుతున్నాడు. పదకొండు మందిలో ఒకడు. శిక్షణ అయ్యాక సెలవులో పెళ్లి పెట్టుకున్నాడట. మూడు వారాలు ఆపేసరికి ముహూర్తం తప్పింది, చుట్టాలు తిరిగి వెళ్లిపోయారు. చేసిన మూడంతస్తుల కేకుని అతని తల్లి చర్చి ఫ్రీజరులో పెట్టించింది. సెప్టెంబరులో పెళ్లికి దాన్ని రంపంతో కోశారట. "ఆ వంకర ముక్కు సార్జెంటు బతికి ఉంటే చెప్పండి, నాకు అప్పుడూ గురి ఉంది" అని ముగించాడు.

మిగతా పది మంది ఏమయ్యారో నాకు తెలియదు. మూడు వారాల తేడాలో ఎవరు యుద్ధానికి ఏ ఓడ ఎక్కారో, ఎవరు ఎక్కలేదో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

జూలై ఒకటికి ఇంకా రెండు వారాలుంది. మీరు కోరిన వాక్యమే వేయమంటే అదే వేస్తాను, నేను టోపీ లాక్కున్నానని. అందులో అబద్ధం లేదు. తొమ్మిదో గుంట మాట మన ముగ్గురి మధ్యే ఉంటుంది.

వెర్నన్

•

(కార్డు)

లూన్ పాయింట్, జూన్ 22

అందింది. అచ్చు ఆపు.

నా ముక్కు వంకర కాదు.

ఆ.

•

లూన్ పాయింట్
జూలై 8

బావా,

వారం రోజులు చేపలు పట్టాను. ఒక్కటీ పడలేదు. ఎర గుచ్చడం మర్చిపోతున్నానని నాలుగో రోజు తెలిసింది.

మొదట నిన్ను తిట్టాను. పడవలో ఒక్కణ్నే కూర్చుని, సరస్సు అవతల గుడిసెలో ఉండే ముసలమ్మకి వినబడేలా తిట్టాను. ఆవిడ "ఎవర్నయ్యా?" అని కేకేసింది. "మా బావని!" అన్నాను. "అయితే సరే" అని లోపలికెళ్లింది. ఆవిడకీ ఉన్నారు కాబోలు.

తరవాత నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను. నా నోరు మూయించడానికి స్ప్రింగు కథ అల్లావని. సాక్ష్యం నా దగ్గర ఉంది కదా, చూద్దామని అటక మీంచి బిస్కెట్ డబ్బా దించాను. మూత తుప్పు పట్టి రాలేదు, నీ కొట్లో కొన్న స్క్రూడ్రైవరుతోనే ఊడదీశాను.

పదకొండు నకళ్లు. అన్నీ నా చేతిరాతే, లైబ్రరీ కార్డులకి రాసే నిలువు అక్షరాలు. పేరు, నంబరు, పడిన బొమ్మలు, పడని బొమ్మలు. పై మూలలో చిన్న గడి, గుంట నంబరుకి.

తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది. ఒక్కో కార్డూ తిప్పుతుంటే నా చెవిలో ఎవరో చదువుతున్నట్టుంది. పదకొండు సార్లు తొమ్మిది రాశాను బావా. నూట యాభై మీటర్ల గడిలో పదకొండు మందికీ సున్నాలు. ఒక్కడికైనా పొరపాటునైనా తగలదా? లైబ్రరీలో ఒక పుస్తకం నంబరు తప్పితే గుమ్మంలోంచే పసిగట్టేవాణ్ని. ఆ రోజు నేను కార్డులు చదవలేదు. నా నిజాయితీని చదువుకుంటున్నాను. కంఠతా వచ్చని నీకు గొప్పగా రాశానే, పేర్లు వచ్చు, మార్కులు వచ్చు. మూల గడి ఒక్కటీ రాదు.

పెన్సిల్ వాడు నిజం రాయమన్నాడు. నేను అబద్ధం రాసి సంతకం పెట్టాను.

పత్రికకి రాసిన కవరు చింపేశాను. స్టాంపు ఆవిరి పట్టి తీసి ఈ కవరుకే అంటించాను.

హ్రూస్కాకి విడిగా రాశాను. మూడు పేజీలు రాసి రెండున్నర కొట్టేశాను. మిగతా పది పేర్లూ ఇందుతో పంపుతున్నాను. నీకు ధైర్యం లేకపోతే నేను వెతుకుతాను. పేర్లు పట్టుకుని మనుషుల్ని వెతకడం నా వృత్తి.

ఇక నలభై ఒకటో పేజీ. నీ ఔదార్యం నాకక్కర్లేదు. నా పాత వాక్యమూ అక్కర్లేదు. ఇది వెయ్యి:

"1968 ఆగస్టులో సార్జెంటు ఆర్విడ్ టోలెఫ్సన్ తుపాకీ పరీక్షలో పదకొండు మంది రిక్రూట్లని తప్పుగా తప్పించాడు. వాళ్లంతా తొమ్మిదో నంబరు గుంటలో కాల్చినవాళ్లు. అక్కడి బొమ్మ చెడిపోయి ఉంది. కార్డులు చూసి ఉంటే అతనికి తెలిసేది."

నాలుగు వాక్యాలు. ముట్టుకోకు.

ఆర్విడ్

•

ఫెన్విక్
జూలై 19

బావగారికి,

ముట్టుకుంటాను. చరిత్ర నాది.

మీరు నాలుగు వాక్యాల్లో మొత్తం మీదేసుకుని, నన్ను మేకుల కొట్లో ఆనందంగా కూర్చోబెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లు నేనే మీ తరఫున నిర్ణయాలు తీసుకున్నాను, ఇప్పుడు మీరు నా తరఫున తీసుకుంటారా? కుదరదు. "మర్నాడే సంగతి తెలిసిన కెప్టెన్ వెర్నన్ బ్రూగ్‌మన్ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు" అని చేరుస్తున్నాను. మార్లిస్ చదివి, "ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు" అంది. గుడ్డు వేయించి పెట్టింది.

పాత మిత్రులు కొందరు గొణుగుతున్నారు. చివరి పుస్తకంలో ఇలాంటిది ఎందుకు, సన్మానం రోజు చెడగొట్టడం కాకపోతే అంటున్నారు. వాళ్లకి ఒకటే చెప్పాను. మనం యాభై ఏళ్లు మధ్యలో వచ్చి మధ్యలో వెళ్లాం. మనం వెళ్లాక ఏమైందో ఒక్క పేరాలోనైనా ఉండాలి కదా.

అచ్చుకి పంపేశాను. ఇంకో వాక్యం కూడా చేర్చాను. చెప్పను. చూసి తిట్టండి.

వేరే పార్సిల్లో ఒక డబ్బా వస్తుంది. ఇన్నేళ్లూ అది నా కొట్లో పై అరలో, కొక్కేల వెనక ఉంది. మీరు ఏటా మేకులకి వచ్చినప్పుడల్లా సరిగ్గా దాని కిందే నిలబడేవారు. నేను గబగబా తూచి పంపేసేవాణ్ని.

14న వస్తారు కదా?

వెర్నన్

•

లూన్ పాయింట్
సెప్టెంబరు 17

బావా,

ఇంటికి చేరాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ ఫెన్విక్ నుంచి ఇక్కడిదాకా తన మోకాళ్ల చరిత్ర చెప్పింది. నీ పుస్తకం కంటే పొడుగు, బొమ్మలు లేవు.

జెండా మడతపెట్టడం బాగానే ఉంది. సంచి మూతిని ఆ కుర్ర కెప్టెన్ రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాడు. నీ ఉపన్యాసం ఏడు నిమిషాలు ఎక్కువైంది. వంటవాళ్లు చేసిన మాంసం గుజ్జులో మిరియాలు లేవు. లోపలికెళ్లి చెప్తే, "మీరెవరండీ?" అన్నాడొకడు. పదహారేళ్లు ఆ పొయ్యి నాది. గరిటె లాక్కుని సరిచేశాను.

హ్రూస్కా నిన్ను పలకరించాడో లేదో. నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు. బట్టతల, పెద్ద మనిషి. నేను ఇంట్లో అద్దం ముందు సాధన చేసిన క్షమాపణ మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఆపి, "సార్జెంట్, నాలుగు వాక్యాలు ముందే చదివాను" అని పుస్తకం చూపించాడు. తరవాత భార్యని పిలిచి, "వీరే" అన్నాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆ కేకు మంచుగడ్డ రుచి ఇప్పటికీ నా నాలిక మీదుంది" అంది. వచ్చే ఏడు వాళ్ల పెళ్లిరోజుకి రమ్మన్నారు. వెళ్తాను. కేకు నేను తీసుకెళ్తాను, తాజాది.

పది మందిలో ఆరుగురి ఆచూకీ దొరికింది. ఐదుగురు జవాబు రాశారు. ఒకడు తిట్టాడు, బాగా తిట్టాడు, దాచుకున్నాను. ఆరోవాడు టాడ్ ల్యూబెక్ పేరు, ఆ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన నల్లరాయి మీద ఉంది. మూడు వారాలు ముందు వెళ్లి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. అతని అక్కకి రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

టోపీ అందింది. తల చిక్కిందో టోపీ సాగిందో, చెవుల మీదికి దిగుతోంది. మార్లిస్‌కి చెప్పకు, అది పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక నీ పుస్తకం. అట్ట రంగు వాంతి రంగు. పన్నెండో పేజీలో నా ఫోటో తలకిందులుగా లేదన్నదొక్కటే ఊరట. ముప్పై మూడులో ఒక కామా అనవసరం. నలభై ఒకటో పేజీ బస్సులో, మోకాళ్లావిడ నిద్రపోయాక, చదివాను. నా నాలుగు వాక్యాలు ఉన్నాయి. నీ ఒక్కటి ఉంది. ఆ కింద నువ్వు దొంగచాటుగా చేర్చింది:

"ఈ పేరా సార్జెంటు టోలెఫ్సన్ సొంత కోరిక మీద ముద్రించడమైనది."

రెండో ముద్రణ వేస్తే ఆ కామా తీసెయ్. దీన్ని మాత్రం కదపకు.

నీ బావ,
ఆర్విడ్